ఏఆర్‌కోర్ + యూడబ్ల్యూబీ: నిలబడితే లేబుళ్లు వణుకుతున్నాయి, తిరిగితే పక్క యూనిట్ మీదకి పోతున్నాయి

#1 మేడమీద_మొక్క
ఒక ఆఫీసు ఫ్లోర్, 32 మీటర్లు × 18 మీటర్లు. ఏసీ యూనిట్లు, డీబీ బాక్సులు, లైట్ల సర్క్యూట్లు అన్నిటికీ ఈఎస్‌పీ32 బోర్డులున్నాయి (చిన్న వైఫై కంట్రోలర్లు), రీడింగులు ఎంక్యూటీటీలో (చిన్న మెసేజ్‌లు పంపే నెట్‌వర్క్ పద్ధతి) వస్తున్నాయి. మెయింటెనెన్స్ వాళ్లు ఫోను ఎత్తి చూస్తే ఏ యూనిట్ ఉష్ణోగ్రత, ఆంపియర్లు ఆ యూనిట్ మీదే లేబుల్‌గా కనబడాలి. అదీ పని.

సామాను: 8 డీడబ్ల్యూఎం1001 యాంకర్లు, అంటే కదలకుండా బిగించిన యూడబ్ల్యూబీ బోర్డులు, రేడియో సిగ్నల్ ప్రయాణ సమయంతో దూరం కొలిచేవి (5 ఫాల్స్ సీలింగ్‌కి, 3 స్తంభాలకి, అన్నీ 2.8 మీటర్ల ఎత్తులో), ఐడీ కార్డు తాడుకి వేలాడే ట్యాగ్ (మనిషితో కదిలే యూడబ్ల్యూబీ బోర్డు), ఆండ్రాయిడ్ ఫోన్లు, యూనిటీలో (3డీ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఏఆర్‌కోర్ (కెమెరా దృశ్యం మీద బొమ్మలు నిలబెట్టే గూగుల్ లైబ్రరీ). స్థానం యూడబ్ల్యూబీ నుంచి 10 హెర్ట్జ్‌లో, దిక్కు ఫోను కంపాస్ నుంచి. రెండూ ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టర్‌లో (ఊగే కొలతల్ని కలిపి ఒక అంచనా తీసే లెక్క) వేసి, వచ్చిన పోజ్‌ని (స్థానం, దిక్కు కలిపి) నేరుగా కెమెరాకి ఇస్తున్నాం.

ఫలితం: కదలకుండా నిలబడినా లేబుల్ 20-30 సెం.మీ. వణుకుతోంది. ఉన్నచోటే తిరిగితే అర మీటరు పక్కకి జరుగుతోంది. లిఫ్ట్ దగ్గరికి వెళ్తే ఇక లెక్కే లేదు. ఫిల్టర్ నాయిస్ విలువలు ఎటు మార్చినా, వణుకు తగ్గితే ఆలస్యం పెరుగుతోంది, ఆలస్యం తగ్గితే వణుకు పెరుగుతోంది. ఇంకే సెన్సర్ కలపాలి?

#2 కెమెరాకన్ను
కొత్త సెన్సర్ ఏదీ వద్దు. ఉన్నవాటికి పనులు తప్పుగా పంచారు.

ఫోను ఎలా కదిలిందో ఏఆర్‌కోర్ కెమెరానీ ఐఎంయూనీ (ఫోను లోపలి కదలిక సెన్సర్లు) కలిపి ప్రతి ఫ్రేమ్‌కీ లెక్కగడుతూనే ఉంది. నిలబడి ఉంటే దాని వణుకు మిల్లీమీటర్లలో ఉంటుంది. దాన్ని పక్కన పడేసి, 10 సెం.మీ. ఊగే యూడబ్ల్యూబీని కెమెరాకి కట్టారు. కెమెరా పోజ్ జోలికి పోకండి.

ఏఆర్‌కోర్‌కి తెలియనిది ఒక్కటే. యాప్ తెరిచిన చోటు దానికి సున్నా. ఆ సున్నా మీ బిల్డింగ్ ప్లాన్‌లో ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది? ఆ ఒక్క లంకెను యూడబ్ల్యూబీతో కనిపెట్టండి. అది మనిషి నడకతో మారదు, ఏఆర్‌కోర్ డ్రిఫ్ట్ (పేరుకుపోయే చిన్న తప్పులు) మేరకే నెమ్మదిగా జరుగుతుంది. నెమ్మదిగా జరిగేదాన్ని 10-20 సెకన్ల కొలతలతో సగటు చేసినా నష్టం లేదు. వణుకు పోతుంది, ఆలస్యమూ ఉండదు. మీరు ఫిల్టర్‌తో పడుతున్న తంటా అంతా వేగంగా మారేదాన్ని, నెమ్మదిగా మారేదాన్ని ఒకే మూటలో కట్టడం వల్లే.

#3 ధ్రువనక్షత్రం
కంపాస్ తీసేయండి. ఇవాళే తీసేయండి. లోపల ఆర్‌సీసీ కడ్డీలు, కేబుల్ ట్రేలు, యూపీఎస్‌లు. 5 డిగ్రీల తప్పు 6 మీటర్ల దూరంలో 52 సెం.మీ. అవుతుంది, మీ అర మీటరు అదే.

#4 మేడమీద_మొక్క
#2 అర్థమైంది, బావుంది. కానీ కంపాస్ లేకుండా దిక్కు ఎలా? యూడబ్ల్యూబీ చుక్కనే ఇస్తుంది కదా, అటు చూస్తున్నానా ఇటు చూస్తున్నానా అన్నది ఇవ్వదు.

#5 లంబకోణం
ఒక చుక్క ఇవ్వదు, దారి ఇస్తుంది. మనిషి నాలుగు మీటర్లు నడిస్తే ఏఆర్‌కోర్ గీసిన గీత ఒకటి, యూడబ్ల్యూబీ గీసిన గీత ఒకటి. రెండోదాని మీద మొదటిది కూర్చునేలా ఎంత తిప్పాలో అదే దిక్కు.

ఆరు తెలియనివి కూడా కాదు, నాలుగే. నిలువు దిశ ఏదో యాక్సెలరోమీటర్ వల్ల ఏఆర్‌కోర్‌కి ముందే తెలుసు. మిగిలింది ఎక్స్, వై, ఎత్తు, ఒక కోణం.

లెక్క ఇలా:
గత 8-10 మీటర్ల నడకలోని జతలు తీసుకోండి, ఒకే క్షణానికి ఏఆర్‌కోర్ చుక్క, యూడబ్ల్యూబీ చుక్క. రెండు గుంపుల సగటు బిందువులు కనుక్కుని, ఎవరి సగటు వాళ్ల చుక్కల్లోంచి తీసేయండి. ఏఆర్‌కోర్‌వి (అ, ఆ), యూడబ్ల్యూబీవి (క, ఖ) అనుకుంటే, (అ×ఖ − ఆ×క) మొత్తం పైన, (అ×క + ఆ×ఖ) మొత్తం కింద పెట్టి ఏటాన్2 (రెండు విలువల నుంచి కోణం ఇచ్చే ఫంక్షన్) తీస్తే కోణం. ఆ కోణంతో ఏఆర్‌కోర్ సగటును తిప్పి యూడబ్ల్యూబీ సగటులోంచి తీసేస్తే జరుపు. పది లైన్ల కోడ్.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి: మనిషి నిలబడిపోతే 10 హెర్ట్జ్‌లో అదే చోటి చుక్కలు వందలు వచ్చి, నడిచిన చుక్కల్ని మింగేస్తాయి. కిందటి చుక్క నుంచి కనీసం 10 సెం.మీ. కదిలితేనే కొత్త జత చేర్చండి.

#6 ప్లాటుకొలత
#5కి అనుబంధం, యూనిటీ వాడేవాళ్లకి. యూనిటీ ఎడమచేతి పద్ధతి, వై పైకి. నేల మీది జత (ఎక్స్, జెడ్) తీసుకుంటే పైనుంచి చూసినప్పుడు మామూలు గ్రాఫ్ లాగే ఉంటుంది, కానీ వై చుట్టూ ధన కోణం గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. ఏటాన్2 ఇచ్చిన కోణానికి గుర్తు మార్చి ఇవ్వాలి. ఏఆర్‌కోర్‌ని జావాలో నేరుగా వాడితే కుడిచేతి పద్ధతి, జెడ్ వెనక్కి. అక్కడ (ఎక్స్, −జెడ్). ఈ ఒక్క గుర్తు తప్పితే లేబుళ్లు అద్దంలో చూసినట్టు తిరుగుతాయి.

#7 చిన్నబోర్డు
నాలుగు మీటర్ల నడకకి కోణం ఎంత కచ్చితంగా వస్తుంది?

#8 లంబకోణం
యూడబ్ల్యూబీ ఊగుడు 10 సెం.మీ. అనుకుని, 4 మీటర్ల గీత మీద 40 చుక్కలు పడితే లెక్క ప్రకారం 0.8 డిగ్రీ. కానీ పక్కపక్క చుక్కల తప్పులు ఒకే వైపు వంగుతాయి, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. అందుకని 1.5 - 2 అనుకోండి. 8 మీటర్లు నడిస్తే 1 లోపల. కంపాస్ కన్నా ఎంతో నయం, ఇంకా తగ్గాలంటే గోడల మీద గుర్తుల పలకలు (కెమెరా గుర్తుపట్టే ముద్రించిన నమూనాలు) కావాలి.

#9 బీకన్_బ్యాచ్
ఇంత ఖర్చు దేనికో నాకు అర్థం కాదు. గదికి రెండు బ్లూటూత్ బీకన్లు, ఫింగర్‌ప్రింట్ మ్యాప్ (ఏ చోట ఏ సిగ్నల్ ఎంత బలంగా ఉందో రాసుకున్న పటం), పార్టికల్ ఫిల్టర్ (చాలా అంచనాల్లోంచి సరిపోయేది ఎంచే లెక్క) వేస్తే సరిపోతుంది. లేదా వైఫై ఆర్‌టీటీ (సిగ్నల్ వెళ్లొచ్చే సమయంతో దూరం కొలవడం), ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్నదే.

#10 కెమెరాకన్ను
@బీకన్_బ్యాచ్ ఎవరు ఏ గదిలో ఉన్నారో చెప్పడానికి సరిపోతుంది. లేబుల్ యూనిట్ మీద కూర్చోవడానికి సరిపోదు. బ్లూటూత్ సిగ్నల్ బలం మనిషి అడ్డం తిరిగితేనే మారిపోతుంది, రెండు మూడు మీటర్ల తప్పు మామూలు. వైఫై ఆర్‌టీటీ బాగా పనిచేసినప్పుడు 1-2 మీటర్లు, అదీ యాక్సెస్ పాయింట్ 802.11ఎంసీ లాంటి దూరం కొలిచే ప్రమాణానికి మద్దతు ఇస్తేనే. ఏసీ యూనిట్లు మీటరున్నర దూరంలో పక్కపక్కనే ఉంటే పక్కదాని లేబుల్ దీని మీద పడుతుంది. మెయింటెనెన్స్‌లో అది ప్రమాదం కూడా: వేరే బ్రేకర్ దింపేస్తారు.

#11 బీకన్_బ్యాచ్
ప్రమాదం మాట ఒప్పుకుంటాను. కానీ బీకన్లని పూర్తిగా తీసిపారేయకండి. మొదలుపెట్టేటప్పుడు ఏ అంతస్తు, ఏ వింగ్, ఏ మ్యాప్ లోడ్ చేయాలి అన్నది అవే చెప్పాలి. యూడబ్ల్యూబీ ఏ యాంకర్లతో మాట్లాడాలో కూడా దాన్నిబట్టి తేల్చొచ్చు. మామూలు వైఫై స్కాన్ మీద ఆధారపడేవాళ్లకి ఒక హెచ్చరిక: ఆండ్రాయిడ్ 9 నుంచి తెర మీద నడుస్తున్న యాప్‌కి కూడా 2 నిమిషాల్లో 4 స్కాన్లే.

#12 కెమెరాకన్ను
ఆ వాడకానికి నేనూ సరే అంటాను.

#13 వైరింగ్_వాలా
సాఫ్ట్‌వేర్ అంతా మార్చే ముందు గోడల సంగతి చూడండి. 8 యాంకర్లూ 2.8 మీటర్ల ఎత్తులోనే ఉంటే ఎత్తు కొలత దాదాపు పనికిరాదు. అన్నీ ఒకే తలంలో ఉన్నప్పుడు ట్యాగ్ ఆ తలానికి పైన ఉందా కింద ఉందా అన్నది కూడా దూరాలకి తెలియదు. రెండు దారులు. యూడబ్ల్యూబీ ఎత్తును వదిలేసి, ఏఆర్‌కోర్ పట్టుకున్న నేల తలం నుంచి ఫోను ఎత్తు తీసుకోవడం ఒకటి. చదునైన ఆఫీసు ఫ్లోర్‌కి ఇదే మంచిది. స్తంభాల మీది యాంకర్లలో రెండింటిని మోకాలెత్తుకి దింపడం రెండోది, కానీ అక్కడ కుర్చీలు, మనుషులు అడ్డం.

ఫాల్స్ సీలింగ్ జీఐ ఛానెల్‌కి ఆనించి యాంకర్ బిగించారా? లోహానికి, కాంక్రీటుకి 15-20 సెం.మీ. ఎడంగా ప్లాస్టిక్ బ్రాకెట్ మీద ఉండాలి. ఆనించి పెడితే ప్రతిధ్వని అసలు సిగ్నల్‌కి అంటుకుని వస్తుంది, విడదీయడం కుదరదు.

కొలత ఎలా తీశారు? ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ నుంచి తీసుకుంటే నమ్మకండి, కట్టినది డ్రాయింగ్‌లా ఉండదు. లేజర్ మీటర్‌తో కొలిచి, మేస్త్రీలు 3-4-5తో మూలమట్టం చూసుకున్నట్టు కర్ణాలు చూసుకోండి. మీ ఫ్లోర్ నిజంగా 32 × 18 అయితే రెండు కర్ణాలూ 36.72 రావాలి. పది సెంటీమీటర్లు తేడా వస్తే హాలు మూలమట్టానికి లేదన్నమాట. సీలింగ్ యాంకర్ నుంచి దారానికి బరువు కట్టి వదిలి, నేల మీద చుక్క పెట్టి, ఆ చుక్క నుంచి గోడలకి కొలవండి. కొలిచేది బోర్డు మూలకి కాదు, యాంటెన్నా మధ్యకి.

#14 నానోసెకను
#13 చెప్పినవి అయ్యాక యాంటెన్నా డిలే (చిప్‌కీ యాంటెన్నాకీ మధ్య సిగ్నల్‌కి పట్టే సమయం). ఈ బోర్డుల్లోని డీడబ్ల్యూ1000 చిప్‌లో ఒక టిక్ (దాని గడియారం కొలిచే అతి చిన్న సమయం) 15.65 పికోసెకన్లు, అంటే కాంతికి 4.69 మిల్లీమీటర్లు. చిప్ తయారుచేసిన డెకావేవ్ ఉదాహరణ కోడ్‌లో 64 మెగాహెర్ట్జ్ పీఆర్ఎఫ్‌కి (పల్సులు పంపే వేగం) 16436 అని ఉంటుంది. అది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే, మీ బోర్డు కొలత కాదు.

విధానం: రెండు బోర్డుల్ని 5.00 మీటర్లలో, మధ్య అడ్డేమీ లేకుండా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో పెట్టండి. 500 రీడింగుల సగటు తీయండి. 5.30 వచ్చిందనుకోండి, 30 సెం.మీ. ఎక్కువ. 300 ÷ 4.69 = 64 టిక్కులు. రెండు బోర్డులకీ, ఒక్కొక్కదానికి పంపే డిలే, అందుకునే డిలే రెండూ పెంచుతున్నారు కాబట్టి ప్రతి దానికీ 32. డిలే పెంచితే దూరం తగ్గుతుంది. ఒక బోర్డును ఇలా సరిచేసి పక్కన పెట్టుకుంటే, మిగతావన్నీ దానితోనే ఒక్కొక్కటిగా సరిచూసుకోవచ్చు. అప్పుడు రెండో బోర్డు ఒక్కదానికే పెంచాలి, రెండు విలువల్లో ఒక్కోదానికి 64.

#15 చిన్నబోర్డు
సొంత ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) రాస్తున్నాను. సింగిల్ సైడెడ్ రేంజింగ్ (ఒక ప్రశ్న, ఒక జవాబుతో దూరం కొలవడం) చాలదా? మెసేజ్ ఒకటి తగ్గుతుంది.

#16 నానోసెకను
రెండు బోర్డుల గడియార స్ఫటికాల మధ్య 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా, జవాబు ఆలస్యం 1 మిల్లీసెకను ఉంటే తప్పు 10 నానోసెకన్లు. అంటే 3 మీటర్లు. చిప్ ఇచ్చే క్లాక్ ఆఫ్‌సెట్‌తో సరిచేస్తే చాలావరకు పోతుంది. చేయకపోతే డబుల్ సైడెడ్ (రెండు వైపుల నుంచీ కొలిచేది) వాడండి.

#17 మేడమీద_మొక్క
#13: ఆనించే బిగించారు, ఐదూ. డ్రాయింగ్ నుంచే తీసుకున్నాం. మార్పిస్తాను.
ట్యాగ్ మెడలో ఉంటే పర్వాలేదా?

#18 వైరింగ్_వాలా
పర్వా ఉంది. మెడలోని ట్యాగ్ ఛాతీ దగ్గర, ఫోను చేయి చాచి 40 సెం.మీ. ముందు. మనిషి వెనక్కి తిరిగితే ట్యాగ్ ఫోనుకి ఇటు నుంచి అటు అవుతుంది, 80 సెం.మీ. వ్యత్యాసం. పైగా ఒళ్లంతా నీరు, వెనక యాంకర్లన్నిటికీ అడ్డం.

ట్యాగ్‌ని ఫోను కేసు వెనక, పై అంచుకి బిగించండి. యాంటెన్నా భాగం ఫోను అంచు దాటి బయటికి వచ్చి ఉండాలి, లేకపోతే ఫోను లోపలి లోహమే అడ్డం. వేళ్లు దాని మీదకి రాకుండా చూడండి. కెమెరా నుంచి యాంటెన్నాకి ఎన్ని సెంటీమీటర్లు ఎటు ఉందో స్కేలుతో కొలిచి, ప్రతి ఫ్రేమ్‌లో ఏఆర్‌కోర్ పోజ్‌తో తిప్పి కలపండి. ఆరేడు సెంటీమీటర్లే కదా అని వదలొద్దు.

#19 గడియారంముల్లు
ఇంతవరకు ఎవరూ అడగలేదు: #5లో "ఒకే క్షణానికి" అన్న జత మీకు ఎలా వస్తోంది? యూడబ్ల్యూబీ డేటా ట్యాగ్ నుంచి గేట్‌వేకి, అక్కడి నుంచి ఎంక్యూటీటీకి, అక్కడి నుంచి ఫోనుకి వస్తుంటే 80 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అదీ ఒక్కోసారి ఒక్కోలా. మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడిస్తే 200 మిల్లీసెకన్లు 24 సెం.మీ. యాంకర్లు ఎంత కచ్చితంగా కొలిచినా ఇది మింగేస్తుంది.

ట్యాగ్ ఇప్పుడు ఫోనుకే ఉంటుంది కాబట్టి ఓటీజీ కేబుల్‌తో యూఎస్‌బీ సీరియల్‌లో నేరుగా తీసుకోండి, ఆలస్యం చిన్నదీ అవుతుంది, నిలకడగానూ ఉంటుంది. ఫోనులో గత 2 సెకన్ల ఏఆర్‌కోర్ పోజ్‌లు దాచుకుని, యూడబ్ల్యూబీ రీడింగు ఏ క్షణానిదో ఆ క్షణానికి రెండు పోజ్‌ల మధ్య లెక్కగట్టండి. ఏఆర్‌కోర్ ఫ్రేమ్ టైమ్‌స్టాంపుని సిస్టమ్ సమయంతో పోల్చకండి, దాని సున్నా ఎక్కడో నిర్వచించలేదు.

మిగిలిన ఆలస్యం కొలవడానికి: నడువు, ఆగు, నడువు, ఆగు అని ఒక నిమిషం చేయండి. రెండు సెన్సర్ల నుంచీ వేగం లెక్కగట్టి ఒకదాని మీద ఒకటి జరుపుతూ ఎక్కడ బాగా కలిసిందో చూడండి. ఆ జరుపే మీ ఆలస్యం. వేగానికి దిక్కు అక్కర్లేదు కాబట్టి లంకె తెలియకముందే ఈ కొలత తీయొచ్చు.

#20 ప్లాటుకొలత
చివరి పేరా కోసమైనా #19ని పిన్ చేయాలి.

#21 ధ్రువనక్షత్రం
#8లో పలకలన్నారు. ఏప్రిల్‌ట్యాగ్ (నలుపు తెలుపు గళ్ల చదరపు గుర్తులు) 36హెచ్11 కుటుంబంలో 587 గుర్తులున్నాయి, ఒక ఫ్లోర్‌కి 12 చాలు. తలుపుల దగ్గర, నడవ మలుపుల్లో, కంటి ఎత్తులో.

16 సెం.మీ. పలక మంచి సైజు. ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" ఉంటే 4-5 శాతం కుదించేస్తుంది, దూరం కూడా అంతే తప్పుతుంది. ప్రింట్ అయ్యాక నల్ల చదరం అంచుని స్కేలుతో కొలిచి, వచ్చిన అంకెనే కోడ్‌లో పెట్టండి. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైట్ మెరుపు పడితే గళ్లు కనబడవు, మ్యాట్ వేయించండి. వంగకుండా అట్ట మీద గానీ 3 మి.మీ. యాక్రిలిక్ మీద గానీ అతికించండి.

ముఖ్యమైన గొయ్యి: పలకకి ఎదురుగా దాదాపు నిటారుగా నిలబడి చూస్తే దాని వంపు రెండు రకాలుగా సరిపోతుంది, కోణం అటూ ఇటూ ఎగురుతుంది. అందుకని ఒక్క పలక నుంచి స్థానం తీసుకోండి, కోణాన్ని నమ్మకండి. కోణం కావాలంటే ఒకే గోడ మీద మీటరున్నర ఎడంగా రెండు పలకలు పెట్టి, రెండింటి స్థానాల మధ్య గీత నుంచి తీయండి. ఒక్కొక్కటి 1 సెం.మీ. తప్పినా కోణం అర డిగ్రీ చుట్టూ ఉంటుంది.

#22 బీకన్_బ్యాచ్
మరి పలకలే ఉంటే యూడబ్ల్యూబీ దేనికి?

#23 ధ్రువనక్షత్రం
పలక కనబడినప్పుడే. మెయింటెనెన్స్ మనిషి నిచ్చెనెక్కి సీలింగ్ లోపలికి చూస్తుంటే పలక ఎక్కడిది? ఆ పది నిమిషాలు ఏఆర్‌కోర్ జరిగిపోకుండా పట్టుకునేది యూడబ్ల్యూబీ. పలక అప్పుడప్పుడు బాగా చెబుతుంది, యూడబ్ల్యూబీ ఎప్పుడూ ఒక మోస్తరుగా చెబుతుంది, ఏఆర్‌కోర్ క్షణక్షణం చెబుతుంది కానీ దారి తప్పుతుంది. మూడింటికీ పని ఉంది.

#24 నానోసెకను
మనిషి, స్తంభం అడ్డం వచ్చినప్పటి సంగతి. మాడ్యూల్‌తో వచ్చే ఫర్మ్‌వేర్ 4 యాంకర్లతో లెక్కగట్టిన స్థానం ఇస్తుంది. అందులో ఒక్క యాంకర్ అబద్ధం చెప్పినా స్థానమే పక్కకి పోతుంది, ఎవరు చెప్పారో మనకి తెలియదు. స్థానం వదిలి విడి దూరాలు తీసుకోండి (అదే ఫర్మ్‌వేర్ దూరాలు కూడా ఇస్తుంది). #5 పద్ధతితో మొదటి అంచనా వచ్చాక, ఆ నాలుగు తెలియని విలువల్నే దూరాల మీద నాన్‌లీనియర్ లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తం తగ్గేలా విలువలు వెతకడం) సరిదిద్దండి, హ్యూబర్ లాస్ (బాగా తప్పిన కొలతల ప్రభావం తగ్గించే పద్ధతి) పెట్టి.

అడ్డం వస్తే దూరం ఎప్పుడూ పెరుగుతుంది, తగ్గదు. కాబట్టి అంచనా కన్నా 30 సెం.మీ. ఎక్కువ వచ్చిన కొలతకీ, 30 తక్కువ వచ్చిన కొలతకీ ఒకే శిక్ష వేయకండి. ఎక్కువ వచ్చినదాన్ని సులువుగా వదిలేయండి. తక్కువ వస్తే ఏదో మూలం తప్పిందని అనుమానించండి.

సొంత ఫర్మ్‌వేర్ ఉన్నవాళ్లకి ఇంకో సాధనం: మొత్తం అందిన పవర్‌కీ మొదటి దారి (అన్నిటికన్నా ముందు అందిన సిగ్నల్) పవర్‌కీ తేడా 6 డెసిబెల్ లోపుంటే ఎదురుగా ఉన్నట్టు, 10 దాటితే అడ్డం ఉన్నట్టు. చిప్ మాన్యువల్‌లోనే ఉంది. మధ్యలో ఉంటే తీసేయక్కర్లేదు, బరువు తగ్గించండి.

#25 మేడమీద_మొక్క
లిఫ్ట్ దగ్గర ఎందుకు అంత ఘోరంగా పోతోంది? అక్కడ రెండు యాంకర్లు దగ్గర్లోనే ఉన్నాయి.

#26 కెమెరాకన్ను
అక్కడ ఇద్దరూ ఒకేసారి మోసపోతున్నారు. స్టీలు తలుపు అద్దంలా ఉంటుంది. ఏఆర్‌కోర్ అందులోని ప్రతిబింబాల్లో గుర్తులు పట్టుకుని అవి గోడ వెనక ఎక్కడో ఉన్నాయనుకుంటుంది. తలుపు తెరుచుకుంటే ఆ గుర్తులన్నీ పక్కకి నడుస్తాయి, తానే కదిలానేమో అనుకుంటుంది. అదే తలుపు యూడబ్ల్యూబీకి కూడా అద్దమే. లిఫ్ట్ లాబీని ప్లాన్‌లో ఒక చతురస్రంగా గీసి, అందులో ఉన్నంతసేపు కొత్త జతలు చేర్చకండి. బయటికి వచ్చే మలుపులో రెండు పలకలు పెట్టండి.

లిఫ్ట్ ఎక్కితే ఏఆర్‌కోర్‌ని మరిచిపోండి. కెమెరా నిలకడగా ఉందంటుంది, యాక్సెలరోమీటర్ లేచానంటుంది. బయటికి రాగానే మొదటి నుంచి లంకె వేయాలి.

#27 ప్లాటుకొలత
ఏ అంతస్తులో దిగారో బారోమీటర్ చెబుతుంది. మీటరుకి దాదాపు 12 పాస్కల్, 3.3 మీటర్ల అంతస్తుకి 40. అసలు పీడనాన్ని వాడొద్దు, వాతావరణంతో మారుతుంది, ఏసీ ఆన్ చేసినా మారుతుంది. లిఫ్ట్ ఎక్కకముందుకీ దిగాకకీ మధ్య ఆ ఒక్క నిమిషం తేడానే వాడండి.

#28 చిన్నబోర్డు
లంకె మారినప్పుడు లేబుళ్లు టక్కున ఎగరవా?

#29 లంబకోణం
ఎగురుతాయి, అందుకే మెల్లగా జరపాలి. లేబుళ్లన్నీ ఒక తల్లి నోడ్ కింద పెట్టి, ఆ నోడ్‌నే జరపండి, కెమెరాని కాదు. సెకనుకి 2 సెం.మీ., 0.2 డిగ్రీ మించకుండా, అదీ మనిషి నడుస్తున్నప్పుడు. నిలబడి చూస్తుంటే అసలు జరపొద్దు, కన్ను వెంటనే పట్టేస్తుంది. ఫోను కిందకి దించినప్పుడు మిగిలినదంతా ఒక్కసారిగా జరిపేయొచ్చు.

తేడా 50 సెం.మీ. దాటితే మాత్రం మెల్లగా జరపకండి. లేబుళ్లని బూడిద రంగులోకి మార్చి "స్థానం సరిచూస్తోంది" అని రాసి, సరయ్యాకే చూపించండి. #10లో బ్రేకర్ సంగతి గుర్తుంది కదా. తప్పు లేబుల్ కన్నా లేని లేబుల్ మేలు.

ఇంకొకటి, ఏఆర్‌కోర్ తనంతట తాను పాత చోటుని గుర్తుపట్టి పోజ్‌ని ఎగరేస్తుంది. వరస ఫ్రేముల మధ్య వేగం సెకనుకి 3 మీటర్లు దాటితే అది నడక కాదు. పాత జతలన్నీ పారేసి కొత్తగా మొదలుపెట్టండి.

#30 గ్రాఫు_గీత
ఈ పంచాయితీ కొత్తది కాదు. కేంబ్రిడ్జిలో ఏటీ అండ్ టీ ల్యాబ్ వాళ్లు బ్యాట్ అని అల్ట్రాసౌండ్ ట్యాగులతో బిల్డింగ్ మొత్తం కొలిచి, 2001లోనే దాని మీద ఏఆర్ చేసి చూపించారు. స్థానం బాగా వచ్చినా తల తిరుగుడికి వేరే సెన్సర్ కావాల్సి వచ్చింది, ఇక్కడ కంపాస్ దగ్గర జరిగిన చర్చే. తర్వాత మ్యూనిక్, వియన్నా వాళ్లు యూబీట్రాక్ పేరుతో 2004లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి వస్తువూ ఒక చుక్క, ఒక వస్తువు నుంచి ఇంకోదాన్ని ఎవరైనా కొలిస్తే వాటి మధ్య ఒక గీత.

మీ ప్రాజెక్టులో దాన్ని ఒక జేసన్ ఫైలుగా రాసుకోండి. బిల్డింగ్→యాంకర్ 3, బిల్డింగ్→పలక 7, పలక 7→కెమెరా, కెమెరా→ట్యాగ్ యాంటెన్నా, బిల్డింగ్→ఏసీ 12. ప్రతి గీతకీ నాలుగు వివరాలు: విలువ, ఎంత తప్పుండొచ్చు, ఎప్పుడు కొలిచారు, దేనితో కొలిచారు. లేబుల్ తప్పిన రోజు, ఆ లేబుల్ దాకా వచ్చిన గీతలు వెనక్కి నడుచుకుంటూ పోతే ఏది వదులుగా ఉందో దొరుకుతుంది. చక్రాల మీద తిరిగే పోర్టబుల్ ఏసీలకి బిల్డింగ్ నుంచి గీత ఉండకూడదు, వాటికో సొంత ట్యాగ్ పెట్టాలి.

#31 మేడమీద_మొక్క
చాలావరకు మార్చాం: కంపాస్ తీసేశాం, ట్యాగ్ ఫోను మీదకి వచ్చింది, ఓటీజీ, యాంకర్లు ఎడంగా బ్రాకెట్ల మీద, 10 పలకలు, నాలుగు విలువల లంకె. నిలబడితే వణుకు లేదు. తిరిగితే 6 మీటర్ల దూరంలోని యూనిట్ మీద 10-12 సెం.మీ. లోపల ఉంటోంది.

ఒక్కటి మిగిలింది. యాంకర్ 5 (స్తంభం మీదిది, దీన్ని ఇంకా కదపలేదు). కొలిచిన దూరంలోంచి లెక్కించిన దూరం తీసేస్తే: తూర్పున నిలబడితే −21 సెం.మీ., ఉత్తరాన, దక్షిణాన దాదాపు 0, పడమట +70. యాంటెన్నా డిలే మళ్లీ చూశాను, సరిగ్గానే ఉంది.

#32 నానోసెకను
డిలే తప్పైతే అన్ని వైపులా ఒకే తేడా రావాలి. దిక్కుని బట్టి మారుతోంది కాబట్టి స్థానం తప్పు. స్తంభం ఎంత వెడల్పు?

#33 మేడమీద_మొక్క
45 సెం.మీ.

#34 వైరింగ్_వాలా
దొరికింది. డ్రాయింగ్‌లో స్తంభం మధ్య బిందువు ఇచ్చి ఉంటారు, యాంకర్ తూర్పు ముఖం మీద ఉంది. 45లో సగం 22.5, మీ −21 అదే. ఉత్తర దక్షిణాల నుంచి చూస్తే ఆ జరుగుడు అడ్డంగా ఉంటుంది కాబట్టి దూరంలో కనబడదు. పడమట నిలబడితే మధ్యలో స్తంభమే అడ్డం. ఆ +70లో ఇరవై స్థానం తప్పు, మిగతాది కాంక్రీటు చుట్టూ తిరిగి వచ్చిన దారి. తూర్పు ముఖం నుంచి 20 సెం.మీ. బ్రాకెట్ వేసి, యాంటెన్నా మధ్యకి మళ్లీ కొలిచి ఎక్స్ మార్చండి. పడమటి వైపు నీడ ఎలాగూ ఉంటుంది, దాన్ని #24 హ్యూబర్ చూసుకుంటుంది.

#35 మేడమీద_మొక్క
బ్రాకెట్ వేయించి కొలిపించాను. తూర్పున −2, ఉత్తర దక్షిణాల్లో 1-3, పడమట +48. మిగతా రెండు స్తంభాల యాంకర్లకీ మధ్య బిందువే రాసి ఉంది, అవీ మారుస్తున్నాం.